అమ్మీజాన్ పాన్‌దాన్‌లోని పాత రూపాయలు

గత శీతాకాలంలో కర్నూలులో మాకు చిరకాలంగా పరిచయమున్న ఒక కుటుంబం వారు మమ్మల్ని పెద్దరికానికి పిలిపించారు. ఆ ఇంటి తల్లి అల్లాహ్ సన్నిధికి చేరి రెండు నెలలు గడిచాయి. భర్త అంతకు చాలా ఏళ్ల ముందే పోయారు. కఫన్, దఫన్ ఖర్చులు ముగిశాయి, ఉన్న కొద్దిపాటి అప్పులు తీరాయి. మిగిలినదాన్ని కొడుకు, కూతురు షరీఅత్ ప్రకారం పంచుకోవాలి. ఊరి చివర ఒక చిన్న ఇంటి స్థలం, కొన్ని నగలు, ఒక ఇత్తడి పాన్‌దాన్. ఆ పాన్‌దాన్‌లో తమలపాకులకు బదులు 41 పాత నాణేలు ఉన్నాయి.

కాగితం రాయడానికి కూర్చున్నప్పుడు చెల్లెలు ఒక మాట అన్నది. "భాయిజాన్, స్థలంలో నా వాటా మీరే ఉంచుకోండి. అమ్మీజాన్ పాన్‌దాన్ నాకివ్వండి, చాలు." వినేవారికి అది తల్లి మీద ప్రేమలా తోచింది. ప్రేమ ఉంది, కాదనలేము. కాని దాని వెనుక ఇంకొకటి కూడా ఉంది. ఆ నాణేలలో 1939 సంవత్సరపు రూపాయి ఒకటి ఉన్నది. ఆ రూపాయి లక్షలు పలుకుతుందని ఆమె ఫోనులో ఎవరో పంపిన ఒక వీడియోలో చూసింది. అన్న తల వంచుకున్నాడు. ఔననలేదు, కాదనలేదు.

ఆ మౌనం గురించి తరువాత చెబుతాము. ముందు ఆ పాన్‌దాన్ గురించి చెప్పాలి. ఎందుకంటే ఇటువంటి పెట్టె మన ఇళ్లలో చాలా చోట్ల ఉంది. బీరువా అడుగునో, అటక మీది ట్రంకులోనో, నానమ్మ చీర కొంగు ముడిలోనో ఉండి, దాని విలువ ఎవరికీ తెలియక కొందరు మోసపోతున్నారు, కొందరు తెలియకుండానే ఇతరులను మోసం చేస్తున్నారు.

రెండు రూపాయల కథ

ఆ తల్లి పుట్టిల్లు మహబూబ్‌నగర్ వైపు, మెట్టినిల్లు కర్నూలు. నడుమ తుంగభద్ర. ఆ కాలంలో ఏరు దాటితే రూపాయే మారిపోయేది. అటు నిజాం రాజ్యపు 'హాలీ సిక్కా', ఇటు తెల్లదొరల రూపాయి. దానిని హైదరాబాదు వారు 'కల్దార్' అనేవారు. పాన్‌దాన్‌లో 17 చార్మినార్ రూపాయలు, 14 కల్దార్ రూపాయలు ఉన్నాయి. 9 చిన్నాచితకా నికెల్, రాగి నాణేలు. ఒకటి మొగలుల నాటిదిగా కనిపించే కలిమా ముద్ర ఉన్న బిళ్ళ.

చార్మినార్ బొమ్మ గల రూపాయి మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, హిజ్రీ 1321లో, అంటే 1903-04లో మొదలైంది. చార్మినార్ నడిమి ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్ నాటిది, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్ నాటిది. రెండవ వైపు టంకశాల పేరు 'ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్' అనీ, రాజు సింహాసనమెక్కి ఎన్నవ ఏడో ఆ అంకె కూడా ఉంటాయి. యుద్ధకాలానికి ముందరి ఈ రూపాయి సుమారు 11.18 గ్రాములు తూగుతుంది. అందులో వెయ్యికి 818 వంతులు వెండి. కల్దార్ రూపాయి సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు. 1940కి ముందు దానిలో వెయ్యికి 917 వంతులు వెండి. లెక్క కడితే చార్మినార్ రూపాయిలో మేలిమి వెండి 9.14 గ్రాములు, కల్దార్‌లో 10.69 గ్రాములు.

ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు అని ఆనాటి మారకం. పైన చెప్పిన వెండి లెక్క చూడండి, అదీ ఆరుకు ఏడే. ఆనాటి వర్తకుడు నాణెం మీది బొమ్మను గౌరవించాడు, కాని వెండిని తూచి లెక్క కట్టాడు. పాత నాణెం విలువ తెలుసుకోవాలనుకునే వారికి ఇదే మొదటి పాఠం.

నాణేనికి మూడు విలువలు

పాత నాణేనికి మూడు విలువలు ఉంటాయి. మూడింటినీ కలగాపులగం చేయడం వల్లనే చిక్కులన్నీ వస్తాయి.

మొదటిది లోహం విలువ. ఆనాటి వెండి ధర తెలిస్తే దీన్ని ఎవరైనా లెక్క కట్టగలరు. పాన్‌దాన్‌లోని 14 కల్దార్ రూపాయలలో 5 యుద్ధకాలపువి. 1940లో ప్రభుత్వం రూపాయిలో వెండిని సగానికి తగ్గించింది. తూకం అదే 11.66 గ్రాములు, వెండి మాత్రం 5.83 గ్రాములే. ఆ తరువాత వచ్చిన 1947 నాటి రూపాయిలో వెండి అసలే లేదు, అది నికెల్. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది. మొత్తం లెక్క వేస్తే ఆ తల్లి దాచిన నాణేలలో మేలిమి వెండి దాదాపు 280 గ్రాములు, అంటే 24 తులాలు. అరుగుదల తీసివేస్తే ఇంకొంచెం తక్కువ.

రెండవది సేకరణ విలువ. ఇది లోహం విలువకు ఎన్నో రెట్లు ఉండవచ్చు, అసలు లేకపోనూ వచ్చు. దీనిని నిర్ణయించేవి మూడే. అటువంటి నాణేలు నేడు ఎన్ని మిగిలాయి, ఈ నాణెం ఎంత చెక్కుచెదరకుండా ఉంది, దానిని కోరేవారు ఎందరు. వయసు ఈ మూడింటిలో లేదన్నది గమనించండి. పదిహేడు వందల ఏళ్ల నాటి రోమను రాగి నాణేలు కొన్ని ఈనాటికీ అతి చౌకగా దొరుకుతాయి, ఎందుకంటే అవి లక్షల్లో మిగిలాయి. మరోవైపు ఉమయ్యా ఖలీఫాల బంగారు దీనార్లను చూడండి. ఖలీఫా అబ్దుల్ మలిక్ హిజ్రీ 77లో బొమ్మలు లేని, కేవలం అక్షరాలున్న దీనారును ముద్రింపజేశాడు. తూకం 4.25 గ్రాములు. ఆ రకపు దీనార్లు వేలాదిగా మిగిలే ఉన్నాయి. కాని హిజ్రీ 105 నాటి ఒక దీనారు 2011లో లండన్ వేలంలో 37 లక్షల పౌండ్ల దాకా పలికింది. ఆ దీనారు మీద ఉన్న కలిమా తక్కిన దీనార్ల మీదా ఉంది. బంగారమూ అంతే, తూకమూ అంతే. తేడా ఒక చిన్న వాక్యంలో ఉంది. ఆ బంగారం హిజాజ్‌లోని 'అమీరుల్ మోమినీన్' గనిది అని అందులో రాసి ఉంది. నాణెం మీద అటువంటి మాట చెక్కడం మిక్కిలి అరుదు. ధర ఆ అరుదైన సాక్ష్యానికే.

మూడవది మమకారపు విలువ. ఇది బజారులో చెల్లదు, తరాజులో తూగదు. దాని సంగతి చివరలో చెప్పుకుందాము.

పవిత్రాంకెల వ్యాపారం

మన ఇళ్లలో ఒక భ్రమ బాగా వేళ్లూనుకుంది. చివర 786 అంకె గల నోటు దొరికితే అది లక్షలకు అమ్ముడవుతుందని. ఆలోచించండి. నోటు వరుస సంఖ్య చివరి మూడు అంకెలు 786 కావడం ప్రతి వెయ్యి నోట్లకు ఒకసారి జరిగి తీరుతుంది. ప్రతి వరుసలోనూ, ప్రతి విలువ నోటులోనూ జరుగుతుంది. వెయ్యికి ఒకటి దొరికేదాన్ని అరుదు అనరు.

చార్మినార్ రూపాయి మీద కూడా ఒక అంకె ఉంది. మీనారుల పైన 92 అని చూడవచ్చు. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4. కలిపితే మన ప్రవక్త (స) శుభనామం. ఆ నాణెం చేసినవారి భక్తి అది. కాని ఆ అంకె అటువంటి ప్రతి రూపాయి మీదా ఉంది కనుక, దాని మూలంగా ఏ ఒక్క రూపాయికీ ధర పెరగదు. "92 ఉన్న నాణెం, బరకత్ ఉంటుంది" అని ఎవరైనా ఎక్కువ ధర చెబితే, ఆయన వెండిని కాదు, మన విశ్వాసాన్ని అమ్ముతున్నాడని తెలుసుకోవాలి.

పాన్‌దాన్‌లోని ఆ మొగలుల బిళ్ళ సంగతీ అంతే. నడుమ కలిమా, చుట్టూ నలుగురు ఖలీఫాల పేర్లు. చూడగానే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. నిజమే, అక్బరు, షాజహాను నాణేల మీద ఈ విధమైన రాత ఉంది. అయితే ఔరంగజేబు గద్దెనెక్కిన తరువాత నాణేల మీద కలిమా ముద్రించడం మాన్పించాడు. డబ్బు చేతులు మారుతుంది, కాళ్ల కింద పడుతుంది, పవిత్ర వాక్యానికి అపచారం జరుగుతుందని ఆయన ఉద్దేశం. కాబట్టి ఔరంగజేబు పేరు, కలిమా రెండూ ఉన్న నాణెం కనిపిస్తే ముందు అనుమానించాలి. ఈ పాన్‌దాన్ బిళ్ళ షాజహాను పేరిటే ఉంది. కాని అక్షరాల అంచులు మొద్దుబారి ఉన్నాయి, పైన సన్నని గుంటలు ఉన్నాయి, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తున్నది. అచ్చుతో కొట్టిన నాణేనికి అతుకు ఉండదు. ఇది పోత పోసిన బజారు బిళ్ళ. ఇటువంటివి ఇతర మతాల దేవతల బొమ్మలతోనూ, ఈస్టిండియా కంపెనీ పేరిట 1818 అని వేసి, దండిగా తయారవుతున్నాయి. కంపెనీ అటువంటి నాణేలను ఎన్నడూ ముద్రించలేదు. ఏ మతం వారి భక్తినైనా సరుకు చేసే చేయి ఒక్కటే.

ఇంటి వద్ద చేయదగిన పరీక్షలు

నిపుణుని వద్దకు వెళ్లేముందు ఇంటి వద్దనే కొన్ని సంగతులు తేల్చుకోవచ్చు.

ఒకటి, తూకం. గ్రాములో నూరవ వంతు చూపే చిన్న ఎలక్ట్రానిక్ తరాజు చాలు. అరిగిన నాణెం కొంచెం తక్కువ తూగవచ్చు. ఉండవలసిన తూకం కంటే ఎక్కువ ఉంటే మాత్రం అనుమానించండి.

రెండు, నీటి పరీక్ష. తరాజు మీద గిన్నెతో నీళ్లుంచి అంకెను సున్నాకు తేవాలి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకూ అంచులకూ తగలకుండా నీళ్లలో ముంచి పట్టుకోవాలి. అప్పుడు తరాజు చూపే అంకె ఆ నాణెం తొలగించిన నీటి బరువు. 1940కి ముందరి కల్దార్ రూపాయి అయితే అది 1.13 గ్రాముల దగ్గర ఉండాలి. లోపల రాగి, పైన వెండి పూత అయితే 1.30 దాకా చూపుతుంది. నాణేనికి గీటు పడకుండా, ఆమ్లం తగలకుండా దొంగ వెండి బయటపడుతుంది.

మూడు, సంవత్సరాల పొందిక. చార్మినార్ రూపాయి మీద హిజ్రీ సంవత్సరం ఒక వైపు, పాలన సంవత్సరం రెండో వైపు ఉంటాయని చెప్పాము. ఉస్మాన్ అలీ ఖాన్ హిజ్రీ 1329లో గద్దెనెక్కారు. కనుక 1340 అని ఉన్న నాణెం రెండో వైపు 11 గానీ 12 గానీ ఉండాలి. 3 అనో, 20 అనో ఉంటే అది ఎవరో తెలియక చేసిన నకిలీ అని అనుమానించి నిపుణునికి చూపాలి.

నాలుగు, భూతద్దం. అంకెల చుట్టూ ఉన్న మైదానం, అంటే ఖాళీ స్థలం, నునుపుగా ఒకే తీరున ఉండాలి. ఏదైనా అంకె చుట్టూ మాత్రమే గీతలు, గోకిన గుర్తులు ఉంటే ఆ అంకెను ఎవరో మార్చారని అర్థం.

ఈ నాలుగింటితో పాటు ఒక నిషేధం. పాత నాణేన్ని రుద్ది కడగవద్దు. కాలం నాణెం మీద ఒక నల్లని పొరను పట్టిస్తుంది. సేకరించేవారికి ఆ పొరే నిజాయితీకి గుర్తు. ఆ ఇంట్లో పిల్లలు అమ్మమ్మ నాణేలను మెరిపించాలని ఆరు చార్మినార్ రూపాయలను చింతపండుతో, బూడిదతో తోమారు. అవి ధగధగలాడాయి. వాటి సేకరణ విలువ ఆ నీళ్లతోనే కొట్టుకుపోయింది, మిగిలింది వెండి ధర మాత్రమే.

కొనేవారి మాట, అమ్మేవారి మాట

నాణేలకు ధర తెలుసుకునేటప్పుడు అడిగిన ధరను అమ్ముడైన ధర అనుకోకూడదు. ఎవరైనా ఒక రూపాయికి పది లక్షలు అడగవచ్చు. అడగడానికి ఖర్చు లేదు. బహిరంగ వేలంలో నిజంగా ఎంతకు పోయిందన్నదే లెక్క. కనీసం ఇద్దరు వేర్వేరు వర్తకులకు చూపండి. నాణేన్ని వారి చేతికిచ్చి వదిలిరాకండి. ముందే రెండు వైపులా ఫొటో తీసి, తూకం రాసి ఉంచుకోండి.

"మీ నాణెం మేము కొంటాము, ముందుగా రిజిస్ట్రేషన్ రుసుము పంపండి, పన్ను కట్టండి" అన్న ఫోను వస్తే అది మోసమే. కొనేవాడు డబ్బు ఇస్తాడు గాని అడగడు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఇటువంటి వసూళ్లు సాగుతుండగా, 2021 ఆగస్టులో ఆ బ్యాంకు స్వయంగా ప్రజలను హెచ్చరించింది. తాను ఇటువంటి వ్యవహారాలలో లేననీ, తన పేరిట రుసుము వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదనీ ప్రకటించింది. ఇక బియ్యపు గింజలను లాగే రాగి నాణెం, 'రైస్ పుల్లింగ్' అంటూ మన రెండు రాష్ట్రాలలో ఎందరి ఇళ్లు గుల్లయ్యాయో పత్రికలు చదివేవారికి తెలుసు. రాగి బియ్యాన్ని లాగదు. బియ్యంలో ఇనుప రజను కలిపి, బిళ్ళలో అయస్కాంతం దాచితేనే లాగుతుంది.

చట్టం గురించి రెండు మాటలు. పునాదులు తవ్వుతుండగానో, పొలం దున్నుతుండగానో పాత నాణేలు దొరికితే అవి దొరికినవారి సొత్తు అయిపోవు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం వెంటనే జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. అలాగే నూరేళ్లు దాటిన నాణేన్ని విదేశానికి తీసుకుపోవడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. గల్ఫ్‌లో ఉన్న అబ్బాయికి నానమ్మ గుర్తుగా ఇద్దామని సంచిలో వేసి పంపితే విమానాశ్రయంలో చిక్కు తప్పదు.

జకాత్ సంగతి కూడా మరువరాదు. వెండి నాణెం వాడుకలో లేకపోయినా వెండి వెండే. మన ప్రాంతపు ఉలమాల లెక్కలో వెండికి నిసాబ్ యాభై రెండున్నర తులాలు. పాన్‌దాన్‌లో ఉన్న 24 తులాలు ఒక్కటే అయితే నిసాబ్‌కు చేరదు. కాని ఇంట్లోని బంగారం, నగదుతో కలిపి చూడవలసి ఉంటుంది. సేకరణ విలువ వెండి ధరను మించిన చోట ఎలా లెక్కించాలో మీకు నమ్మకమైన ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి.

ఆ మౌనం

ఇక 1939 రూపాయి. ఆ ఏడాది రూపాయి నిజంగానే అరుదైనది. మరుసటి ఏడే వెండిని సగానికి తగ్గించారు. 1939 నాటివి బహు కొద్దిగా మాత్రమే జనంలోకి వచ్చాయి. అందుకే నకిలీ చేసేవారి చూపు దాని మీద పడింది. పక్క సంవత్సరపు మామూలు రూపాయిని తీసుకుని చివరి అంకెను చెక్కి మార్చేస్తారు. నాణెం అసలైనదే, వెండి అసలైనదే, తూకం సరిగ్గా ఉంటుంది. నీటి పరీక్షలోనూ నెగ్గుతుంది. ఒక్క అంకె మాత్రమే అబద్ధం చెబుతుంది.

కాగితం రాయడం మరునాటికి వాయిదా పడింది. ఆ రాత్రి ఇషా నమాజు తరువాత అన్న మా వద్దకు వచ్చాడు. మస్జిద్ మెట్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు. నెల కిందటే ఆ రూపాయిని హైదరాబాదుకు తీసుకువెళ్లి ఒక నాణేల వర్తకునికి చూపాడట. చివరి అంకె మార్చినదని అతడు భూతద్దంలో చూపించాడట. "చెల్లెలు వాటా వదులుకుంటానన్నప్పుడు నేను అబద్ధం ఆడలేదు. ఏమీ అనలేదు, అంతే. అయినా నిద్ర పట్టడం లేదు" అన్నాడు.

మేము అతనిని ఏమని మందలించగలము? పాఠకుల ఎదుట మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ పగలు నాణేన్ని చేతిలోకి తీసుకున్నప్పుడే మాకు అనుమానం తట్టింది. చివరి 9 తోక ముందరి 9 తోకలా లేదు. 'మమ్మల్ని పిలిచింది కాగితం రాయడానికి గాని నాణేలు పరీక్షించడానికి కాదు' అని మాకు మేమే సర్దిచెప్పుకున్నాము. ఇద్దరు అన్నాచెల్లెళ్ల నడుమ మాట పట్టింపు మనకెందుకని ఊరుకున్నాము. కాని వాళ్లు మమ్మల్ని పెద్దవారుగా పిలిచారు. తెలిసినవాడు నోరు మెదపకపోతే, తెలియని ఆడపడుచు అల్లాహ్ నిర్ణయించిన వాటాను ఒక గోకిన అంకె కోసం వదులుకునేది. తరాజు ముల్లును వేలితో నొక్కడానికీ దీనికీ తేడా ఏమిటి?

మదీనా బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని బయటికి తీసిన దైవప్రవక్త (స) ఆ వర్తకుని అడిగిందేమిటో మనందరికీ తెలుసు. తడి ధాన్యం అమ్మడాన్ని వారు తప్పు పట్టలేదు, తడిని కింద దాచడాన్ని తప్పు పట్టారు. మేమిద్దరమూ ఆ రోజు తడిని దాచినవారమే. అతడు ఆశతో దాచాడు, మేము మొహమాటంతో దాచాము.

మరునాడు ఫజ్ర్ తరువాత అన్న చెల్లెలిని కూర్చోబెట్టి, భూతద్దం ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె చాలాసేపు చూసింది. అంకె చుట్టూ గీతలు ఆమెకూ కనిపించాయి. "భాయిజాన్, మీకు ఎప్పటి నుంచి తెలుసు?" అని అడిగింది. "నెల నుంచి" అన్నాడతడు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. రూపాయి నకిలీదైనందుకు కాదని మాకు తెలుసు. కొంతసేపటికి, "నిన్న సంతకం పెట్టనందుకు అల్హమ్దులిల్లాహ్. పెట్టి ఉంటే స్థలం పోయేది, మీరూ పోయేవారు" అన్నది. అన్న బదులు చెప్పలేకపోయాడు.

స్థలం షరీఅత్ ప్రకారం రెండు వంతులు, ఒక వంతుగా రాశాము. నాణేలను తరాజులో తూచి, ఒక్కొక్కదాని లోహం, తూకం, స్థితి కాగితం మీద ఎక్కించి, అదే లెక్కన పంచాము. తోమని చార్మినార్ రూపాయలలో రెండు మంచి స్థితిలో ఉన్నాయి. వాటికి వెండి ధర మీద కొంత అదనం వస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ చెప్పి చెరొకటి కేటాయించాము. లక్షలేమీ తేలలేదు. మార్చిన 1939 రూపాయి అన్న వాటాకు వచ్చింది. దాని మీద కాగితం చుట్టి 'అంకె మార్చబడినది, అమ్మరాదు' అని తన చేత్తోనే రాశాడు. రేపు తన పిల్లలు దానిని అసలుదనుకుని మరొకరికి అంటగట్టకుండా.

మూడవ విలువ సంగతి చెబుతామన్నాము. చార్మినార్ రూపాయలలో ఒకదానికి కొక్కెం అతికించి ఉంది. చెల్లెలు చదువుకోవడానికి మొదటిసారి హాస్టలుకు వెళ్లిన రోజున తల్లి దానిని గుడ్డలో కుట్టి ఆమె చేతికి ఇమామ్ జామిన్‌గా కట్టింది. కొక్కెం అతికిన నాణేన్ని సేకరించేవారు ముట్టుకోరు. పంపకంలో అన్న దానిని తూకం వేయనివ్వలేదు. తన వాటాలో తగ్గించుకుని చెల్లెలికి ఇచ్చాడు.

మీ ఇంట్లోనూ ఇటువంటి పెట్టె ఉంటే, పెద్దవారు ఉండగానే ఒకసారి అందరి ఎదుట తెరవండి. ఏ నాణెం ఎక్కడిదో, ఎవరిచ్చారో వారి నోట విని రాసుకోండి. తూకాలు రాయండి. రుద్దకండి, కడగకండి. తెలిసినది దాచకండి. ఆ కాగితాన్ని పెట్టెలోనే, నాణేలతో పాటు ఉంచండి.